చికిత్సా పరీక్షలు: కోయంబత్తూరు, మధుర సీమల తెలుగు కుటుంబములు ఎరుగవలసిన విషయములు

మధుర, కోయంబత్తూరు సీమలలోని తెలుగువారి నివాసములు నిన్న మొన్న వెలసినవి కావు. విజయనగర సైన్యముల వెంటను, అటుపిమ్మట 1529 మొదలు 1736 వరకు మధురను పాలించిన నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చి, నల్లరేగడి నేలలను సాగుచేసి, ఊళ్లు కట్టుకొని స్థిరపడినవారి సంతతి నేటికిని అచ్చట నున్నది. నాయుడులు, రెడ్లు, వైశ్యులు, అరుంధతీయులు మున్నగు పెక్కు కులములవారు ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుచు తరతరములుగా జీవించుచున్నారు.

ఇన్ని శతాబ్దములు ఇంటిభాష నిలిచియుండుటకు గల కారణములలో వివాహ సంబంధములను తమలో తామే కలుపుకొనుట యొకటి. మేనమామకు మేనకోడలిని, మేనబావకు మేనమరదలిని ఇచ్చు మేనరికపు ఆచారము ఈ కుటుంబములలో చిరకాలముగా నున్నది. అయితే భాషను కాపాడిన కట్టుబాటే కొన్ని అరుదైన వ్యాధులను గూడ కులములోపల నిలిపియుంచినది. అట్టి వ్యాధులలో అనేకములకు నేటికిని నిశ్చితమైన మందు లేదు. రాదగిన మందు ఏదైనను 'క్లినికల్ ట్రయల్' అని వాడుకలో నున్న చికిత్సా పరీక్ష ద్వారమున రావలసినదే.

ఈ పరీక్షలను గూర్చి జనులలో రెండు విధములైన అభిప్రాయములు ప్రబలియున్నవి. మనుష్యులను ఎలుకలుగా జేసి మందులు పోయుదురను భయ మొకటి. అందు చేరినచో జబ్బు తప్పక కుదురునను ఆశ రెండవది. ఈ రెండును కుటుంబములకు నష్టము కలిగించినవే. పరీక్ష స్వరూపమేమి, దానిని ఎట్లు వెదకవలెను, చేరుటకు ముందు ఏమి అడిగి తెలిసికొనవలెను అను విషయములను క్రమముగా వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. సిండ్రోము అనగానేమి?

కొన్ని లక్షణములు వేరువేరుగా గాక తరచుగా కలిసియే కనబడునపుడు, ఆ సముదాయమునకు వైద్యులు ఒక పేరు పెట్టుదురు. అట్టి లక్షణ సముదాయమే సిండ్రోము. ఉదాహరణమునకు, పుట్టుకతో వినికిడి లోపముండి, యౌవనమున చూపు క్రమముగా తగ్గుటను అషర్ సిండ్రోము అందురు. చెవి వైద్యుడు చెవిని, కంటి వైద్యుడు కంటిని మాత్రమే చూచినచో దీని పేరు బయటపడదు. రెండును ఒకే బిడ్డయందు కలవని గుర్తించినపుడే వ్యాధి తెలియును.

ఇంటి పేరునకును వైద్యుని పేరునకును గల భేదమును రేచీకటి చక్కగా తెలుపును. చీకటిపడిన వెంటనే దారి కానరాకుండుటను తెలుగు ఇండ్లలో రేచీకటి యందురు. ఏ విటమిను లోపమువలన కలిగిన రేచీకటి ఆహారముతోను, విటమినుతోను కుదురును. కంటిలోపలి పొర క్రమముగా క్షీణించు రెటినైటిస్ పిగ్మెంటోసా అను వంశపారంపర్య వ్యాధి వలన కలిగిన రేచీకటి అట్లు కుదరదు. ఈ రెండవ దానికే కారణములైన జన్యువులు పదుల సంఖ్యలో కలవు. ఒక జన్యువునకు సిద్ధపరచిన మందు మరియొక జన్యులోపము గలవారికి పనికిరాదు. ఆర్.పి.ఇ.65 అను జన్యువు లోపించిన అంధత్వమునకు తయారైన జన్యుచికిత్సను కేవలము 31 మందిపై జరిగిన తుదిదశ పరీక్షను ఆధారముగా గొని 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆమోదించినది. అదే లక్షణములు గలవాడైనను, లోపము వేరొక జన్యువునం దున్నవానికి ఆ మందుతో ప్రయోజనము లేదు. కావున చికిత్సా పరీక్షను వెదకుటలో మొదటి మెట్టు వ్యాధి యొక్క సరియైన పేరును, సాధ్యమైనచో జన్యువు పేరును తెలిసికొనుటయే.

2. మేనరికము - అంతర్గత లోపము

ప్రతి మనుష్యునియందును ఒక్కొక్క జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా రెండు ప్రతులుండును. ఒక ప్రతి చెడినను రెండవది మంచిదైనచో అనేక వ్యాధులు బయటపడవు. అట్టివాడు ఆరోగ్యవంతుడుగనే యుండి, లోపమును మాత్రము మోయుచుండును. అట్టి లోపమునే మోయు మరియొకరిని వివాహమాడినచో, వారికి కలుగు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశముండును. దీనినే శాస్త్రజ్ఞులు అంతర్గత లక్షణమందురు. మేనబావ మరదళ్లకు జన్యువులలో సుమారు ఎనిమిదవ వంతును, మేనమామ మేనకోడళ్లకు నాల్గవ వంతును సమానముగా నుండును. అందుచేత ఒకే లోపమును ఇరువురును మోయు సంభవము ఇతర దంపతులకంటె హెచ్చు.

ఇక్కడ ఒక సవరణ అవసరము. మేనరికము లేని వివాహమున గూడ, కులము చిన్నదై, అందరును కొలదిమంది పూర్వులనుండి వచ్చినవారైనచో లోపము ఆ కులమంతటను వ్యాపించియుండవచ్చును. అట్లే ప్రతి వంశవ్యాధికిని మేనరికము కారణము కాదు. బాలురను పీడించు డుషెన్ కండరక్షీణత తరచుగా తల్లి వైపునుండి సంక్రమించును. కొన్ని యెడల కుటుంబమున మున్నెన్నడును లేకయే క్రొత్తగా తలయెత్తును. కోడలిని గాని, ఆమె పుట్టింటిని గాని నిందించుటకు ఈ విషయములలో దేనియందును శాస్త్రాధారము లేదు.

3. కోయంబత్తూరు నిదర్శనము

కుల చరిత్రకును వైద్యమునకును గల సంబంధమునకు ప్రపంచ వైద్యసాహిత్యమున పేర్కొనబడు నిదర్శనములలో నొకటి కోయంబత్తూరు తెలుగు కుటుంబములయందే లభించినది. శస్త్రచికిత్సకు మత్తునిచ్చు సమయమున, ఊపిరిగొట్టము అమర్చుటకై కండరములను కొలది నిమిషములు సడలించు సక్సినైల్‌కోలిను అను మందును వైద్యులు వాడుదురు. రక్తమునందలి బ్యూటిరిల్‌కోలినెస్టెరేసు అను ఎంజైము ఆ మందును త్వరగా విరిచివేయును. ఈ ఎంజైము లేనివారికి మందు విరుగక, గంటల తరబడి కండరములు సడలియే యుండును. తమంత తాము ఊపిరి తీయలేరు. యంత్రముతో శ్వాస నందించినచో ప్రాణాపాయము తప్పును. లోపమును ముందుగా నెరిగినచో వేరు మందును వాడవచ్చును.

భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా శాస్త్రజ్ఞులతో గూడి కోయంబత్తూరు వైశ్య కులస్థుల రక్తమును పరీక్షించి, 2006, 2007 సంవత్సరములలో తమ ఫలితములను ప్రకటించిరి. నూటికి సుమారు నలుగురియందు ఈ ఎంజైము బొత్తిగా లేదని తేలినది. ఐరోపా, అమెరికా ప్రజలతో పోల్చిచూచిన ఇది సుమారు 4000 రెట్లు హెచ్చు. ఎంజైము లేనివారు ఇతర విషయములలో ఆరోగ్యవంతులనియు, సంతానము పొందుచున్నారనియు గూడ వారు తెలిపిరి. 102 గోత్రములను పాటించుచు స్వగోత్రమున వివాహమాడకయే, కులము వెలుపలికి పోకుండ సంబంధములు కలుపుకొనిన సమాజమున ఒక పురాతన లోపము ఎట్లు నిలిచినదో దీనివలన తెలియుచున్నది. దక్షిణాసియా కులములలో ఇట్టి విశేష వ్యాధులను వెదకుట ఎంత ఫలప్రదమో వివరించుచు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును, విదేశ శాస్త్రజ్ఞులును 2017లో ప్రకటించిన పరిశోధనయందును వైశ్యుల యీ దృష్టాంతము ప్రస్తావింపబడినది.

ఇది చికిత్సా పరీక్ష కాదు. రక్తమును పరీక్షించి తెలిసికొనిన విషయము మాత్రమే. అయినను కొలదిమంది తమ రక్తమును, వంశ వివరములను ఇచ్చుటచే ఎందరికో మత్తుమందు విషయమున ముందుజాగ్రత్త కలుగుటకు వీలైనది. వైశ్య కుటుంబములవారు శస్త్రచికిత్సకు పోవునపుడు, బంధువులలో ఎవరికైనను మత్తు ఇచ్చిన తరువాత ఊపిరి ఆలస్యముగా వచ్చినదా అను సంగతిని మత్తువైద్యునికి ముందుగా చెప్పుట మేలు. అనుమానము గలచోట ఎంజైము పరీక్ష చేయించుకొనవచ్చును.

4. చికిత్సా పరీక్ష స్వరూపము

ఒక మందు మేలు చేయునా, చేసిన ఎంత, కీడు ఏమైన గలదా అను ప్రశ్నలకు మనుష్యులయందు క్రమబద్ధముగా సమాధానము వెదకుటయే చికిత్సా పరీక్ష. ఒక రోగికి కుదిరినంత మాత్రమున మందు మంచిదని చెప్పలేము. మందు లేకయే కుదిరియుండవచ్చును. అందుచేత పాల్గొనువారిని రెండు వర్గములుగా విభజింతురు. ఎవరు ఏ వర్గమున చేరుదురను విషయమును చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయింతురు. వైద్యుని ఇష్టమునకు వదలినచో బలవంతులైన రోగులు ఒక వైపునకు చేరవచ్చును. అనేక పరీక్షలలో ఎవరికి ఏ మందు అందుచున్నదో రోగికి గాని, వైద్యునికి గాని తెలియనీయరు. కొన్నిటిలో ఒక వర్గమునకు చూపునకు మందువలె నుండి మందు గుణము లేని ప్లాసిబోను ఇత్తురు.

ఈ పద్ధతికి తమిళ సీమలోనే సుప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 1956లో భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలిసి మదరాసులో క్షయ చికిత్సా కేంద్రమును నెలకొల్పినవి. క్షయరోగిని శానిటోరియములో ఉంచినగాని మందు పనిచేయదని ఆనాటి నమ్మకము. ఆ కేంద్రమువారు 193 మంది రోగులను చీట్ల పద్ధతిని రెండుగా విభజించి, ఒక వర్గమునకు ఇంటియందును, రెండవ వర్గమునకు శానిటోరియమునందును అవే మందులను ఒక సంవత్సరము ఇచ్చిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నున్నవారికి గూడ ఇంచుమించు శానిటోరియములోని వారికి వలెనే కుదిరినది. ఇంటివారికి వ్యాధి అధికముగా సోకలేదు. 1959లో ప్రకటితమైన ఆ ఫలితము లోకమంతట క్షయ చికిత్సా విధానమును మార్చినది. ఆ 193 మందిలో ఎవరి పేరును జనులకు తెలియదు. కాని నేడు ఇంట నుండియే క్షయకు మందు తినుచున్న ప్రతి రోగియు వారికి ఋణపడియున్నాడు. ఆ కేంద్రమే నేటి జాతీయ క్షయ పరిశోధనా సంస్థ. దానికి మధురలో శాఖ కలదు.

క్రొత్త మందు ఎల్లప్పుడు పాత మందుకంటె మేలైనది కాదనుటకు మధురయే సాక్ష్యము. 1918లో వడమలాపురమున జన్మించిన డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి 1976లో 11 పడకలతో మధురలో అరవింద నేత్ర వైద్యశాలను స్థాపించిరి. పొలములలో ముల్లు, వరిపొట్టు, ఆకు గీచుకొనుటచే కంటి నల్లగ్రుడ్డుపై బూజుపుండు ఏర్పడి చూపుపోవు రైతులు దక్షిణ దేశమున అనేకులు. అట్టి పుండునకు పాతదైన నాటమైసిను చుక్కల మందు మేలా, క్రొత్తదైన వోరికొనజోలు మేలా అని తెలిసికొనుటకై అరవింద వైద్యశాలలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముతో గూడి 323 మందిపై పరీక్ష నడపి 2013లో ఫలితము ప్రకటించినవి. పాత మందే మేలని తేలినది. ఆ పరీక్షలో క్రొత్త మందు తనకే రావలెనని కోరుకొనిన రోగి యున్నచో, ఆ కోరిక ఫలించుట వానికి మేలు కాకపోయెడిది.

ఒక పరీక్షయే కడపటి మాట కాదనునది మూడవ పాఠము. మధుర ప్రాంతపు గ్రామములలో 11,619 మంది నవజాత శిశువులకు జరిగిన ఏ విటమిను పరీక్ష, ఆరు నెలలలోపల శిశుమరణములు సుమారు నూటికి 22 వంతున తగ్గినవని 2003లో తెలిపినది. పిమ్మట ఆఫ్రికాలో జరిగిన పెద్ద పరీక్షలలో అట్టి మేలు కనబడలేదు. అందుచే నవజాత శిశువులందరికిని ఆ మందు నిచ్చుట సాధారణ విధానముగా సిఫారసు చేయబడలేదు. పత్రికలో ఒక శుభవార్త చూచిన వెంటనే బిడ్డను చంకనెత్తుకొని పరుగెత్తరాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

పరీక్షలు సాధారణముగా నాలుగు దశలలో నడచును. మొదటి దశయందు కొలదిమందికి మందునిచ్చి, దాని క్షేమమును, ఎంత మోతాదు సహింపగలరను దానిని చూతురు. రెండవ దశయందు వ్యాధిపై పనిచేయు జాడ యున్నదా అని చూతురు. మూడవ దశయందు ఎక్కువమందియందు వాడుకలోని చికిత్సతో పోల్చుదురు. నాల్గవ దశ మందు అంగడికి వచ్చిన పిమ్మట జరుగును. అరుదైన వ్యాధులలో రోగులు కొలదిమందియే గనుక అన్ని దశలయందును సంఖ్య స్వల్పముగా నుండును. చేరదలచినవాడు తాను ఏ దశయందు చేరుచున్నాడో మొదట తెలిసికొనవలెను. మొదటి దశలో చేరినవానికి మేలు కలుగునను ఆశ మిక్కిలి తక్కువ.

5. పరీక్షను వెదకు విధము

భారత దేశమున జరుగు చికిత్సా పరీక్షలను నమోదు చేయుటకై భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున 2007 జూలై 20న సి.టి.ఆర్.ఐ. అను పట్టిక అంతర్జాలమున ప్రారంభమైనది. 2009 జూన్ 15 నుండి నమోదు తప్పనిసరి యైనది. 2018 ఏప్రిల్ 1 నుండి మొదటి వ్యక్తిని చేర్చుకొనకముందే నమోదు జరుగవలెనను నియమము వచ్చినది. దీనిని ఎవరైనను రుసుము లేకయే చూడవచ్చును. వ్యాధి పేరుతో వెదకినచో పరీక్ష నమోదు సంఖ్య, ఏ మందు, ఏ దశ, ఖర్చు భరించువారెవరు, ఏయే ఊళ్లలో ఏయే వైద్యశాలలలో జరుగుచున్నది, ఎవరిని చేర్చుకొందురు, ఎవరిని చేర్చుకొనరు, నైతిక సంఘము అనుమతించినదా, చేర్చుకొనుట ఇంకను సాగుచున్నదా, ఎవరిని సంప్రదింపవలెను అను వివరములు కనబడును. ఇతర దేశముల పరీక్షలకై అమెరికా ప్రభుత్వము 2000లో తెరచిన క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్ అను పట్టికను, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికను చూడవచ్చును. ఇవి ఇంగ్లీషున నుండును గనుక, ఇంటిలో చదువుకొనిన పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండి చదివి చెప్పుట అవసరము.

'చేర్చుకొను అర్హతలు' అను భాగమును మిక్కిలి జాగ్రత్తగా చదువవలెను. డుషెన్ కండరక్షీణతకు జరుగు పరీక్షలలో అనేకములు ఇంత వయస్సు లోపలివారై, ఇంకను తమంత తాము నడువగల బాలురనే చేర్చుకొనును. కొన్ని మందులు జన్యువునందు ఒకానొక భాగము లోపించినవారికి మాత్రమే పనిచేయునట్లు తయారైనవి. బిడ్డ నడక ఆగిన పిమ్మట జన్యుపరీక్ష చేయించినచో ఆ తలుపులలో కొన్ని మూసికొనిపోవును. మొక్కులు, నాటువైద్యము, ఈ ఊరు ఆ ఊరు తిరుగుటలో గడచిన రెండేండ్లే ఒక్కొక్కప్పుడు బిడ్డ అర్హతను హరించుచున్నవి. కోయంబత్తూరులో కండరక్షీణతను గూర్చియే పనిచేయు పరిశోధనా కేంద్రము కలదు. మధురలో నేత్ర జన్యుపరిశోధన జరుగుచున్నది. 2021లో వెలువడిన జాతీయ అరుదైన వ్యాధుల విధానము ననుసరించి ఎన్నికచేసిన కేంద్రములలో హైదరాబాదు కేంద్రమును కలదు. ఇట్టి చోట్ల వ్యాధి నిర్ణయము పొందినవారు, తమ వ్యాధికి రోగుల నమోదు పుస్తకమున్నచో అందు పేరు వ్రాయించుకొనుట మంచిది. పరీక్ష ప్రారంభమగునపుడు పరిశోధకులు మొదట చూచునది ఆ పుస్తకమునే.

వెదకుటలో ఒక హెచ్చరిక గలదు. చికిత్సా పరీక్షయని చెప్పి లక్షల రూపాయలు అడుగువారిని నమ్మరాదు. పరీక్షించు మందునకు రోగి వెల చెల్లించుట పరీక్షాధర్మము కాదు. మూలకణముల చికిత్స పేరిట ఇట్టి వ్యాపారము విశేషముగా సాగినది. రక్తవ్యాధులు మున్నగు ఆమోదము పొందిన కొలది చికిత్సలు తప్ప, మిగిలినవాటికి మూలకణములను అనుమతి పొందిన పరీక్షలోనే వాడవలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములు తెలుపుచున్నవి. నమోదు సంఖ్య అడుగుటయే మొదటి పరీక్ష. సంఖ్య చెప్పలేనివానివద్ద పరీక్ష లేదు.

6. అంగీకారము - భాష

2019 మార్చిలో వెలువడిన నూతన ఔషధముల, చికిత్సా పరీక్షల నియమములు పాల్గొనువాని అంగీకారమును ప్రధానముగా చెప్పినవి. పరీక్ష ఉద్దేశము, కాలము, జరుగబోవు పనులు, కలుగగల కష్టములు, లాభములు, ఇతర చికిత్సలు అన్నియు శాస్త్ర పరిభాష లేకుండ, పాల్గొనువానికి అర్థమగు భాషలో తెలుపవలెను. చదువరాని వాని విషయమున, పరీక్షతో సంబంధము లేని సాక్షి మొదటినుండి చివరివరకు ఎదుట నుండవలెను. క్రొత్త మందుల పరీక్షలో దుర్బల స్థితిలోనివారు చేరునపుడు అంగీకారమును దృశ్య శ్రవణ రూపమున గూడ నమోదు చేయవలెను. సంతకము చేసిన పత్రపు ప్రతిని పాల్గొనువానికి ఇయ్యవలెను. బాలుర విషయమున తల్లిదండ్రుల అంగీకారముతోపాటు, ఏడేండ్లు దాటిన బిడ్డ సమ్మతిని గూడ అడుగవలెనని వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకములలో నున్నది.

'అర్థమగు భాష' అను మాట ఈ సీమల తెలుగువారికి మిక్కిలి ముఖ్యము. ఇచ్చట అనేక కుటుంబములు తెలుగు మాటలాడును, తమిళము చదువును. వృద్ధులలో రెంటిలో దేనిని గూడ చదువలేనివారు కలరు. తెలుగులో అచ్చువేసిన పత్రమిచ్చినచో అక్షరములు రావు. తమిళ పత్రమిచ్చినచో అక్షరములు వచ్చును గాని, వైద్యపు తమిళము అందరికిని అందదు. పదముల విషయమున మరియొక చిక్కు గలదు. తెలుగున 'పరీక్ష' అనినను, తమిళమున 'పరిసోదనై' అనినను, ఇంటిలోని అవ్వకు మొదట తోచునది రక్తపరీక్షయో, మూత్రపరీక్షయో. "పరీక్షకు ఒప్పుకొనుచున్నారా?" అని అడిగినచో, జబ్బేమో కనుగొనుటకు రక్తము తీయుదురు గాబోలు నని తలయూపును. ఇంకను గుణము నిశ్చయము కాని మందును తనయందు వాడి చూతురని ఆమె ఎరుగదు. అట్టి తలయూపు అంగీకారము కానేరదు.

దీనికి ఉపాయము సులభమైనదే. పత్రమును ఇంటికి తెచ్చుకొని, ఇంటి మాటలలో గట్టిగా చదివించుకొనవలెను. పిమ్మట చేరబోవు వ్యక్తియే తాను గ్రహించినదానిని తన మాటలలో తిరిగి చెప్పవలెను. "ఈ మందు కుదుర్చునో లేదో వారికే ఇంకను తెలియదు, తెలిసికొనుటకే నాకిచ్చుచున్నారు, నాకు మందు రాకపోవచ్చును, వలదనుకొన్న నాడు మానుకొనవచ్చును" అని అవ్వ చెప్పగలిగినచో ఆమె అర్థము చేసికొన్నట్లు. చెప్పలేనిచో సంతకమునకు ఇంకను వేళ కాలేదు.

ఒకరి అంగీకారమును మరియొకరు ఇచ్చుటవలన కలుగు అనర్థమునకు ఖమ్మం జిల్లా ఉదంతము నిదర్శనము. 2009లో ఆ జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణకు హెచ్.పి.వి. టీకా వేయు పథకము నడచినది. కొందరు బాలికల మరణవార్తలు వెలువడగా 2010లో దానిని నిలిపివేసిరి. మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనేక అంగీకార పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహముల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరని బయటపడినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఆ పథకమును తీవ్రముగా విమర్శించినది. టీకా మంచిదే యైనను, అడుగక వేసినందువలన జనులకు వైద్యముపై నమ్మకమే సడలినది. పాఠశాల తల్లిదండ్రులకు పత్రమును చదివి వినిపింపవచ్చును; వారికి బదులుగా సంతకము చేయు అధికారము దానికి లేదు.

7. చేరువాని హక్కులు, అడుగవలసిన ప్రశ్నలు

ప్రతి పరీక్షను నైతిక సంఘము ముందుగా పరిశీలింపవలెను. అందు కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. వారిలో వైద్యులతోపాటు న్యాయవేత్త, స్త్రీ సభ్యురాలు, సామాన్య పౌరుడు ఉండవలెను. సగమునకు తక్కువ కాకుండ సభ్యులు ఆ సంస్థకు వెలుపలివారై యుండవలెను. అంగీకార పత్రమున ఆ సంఘపు సంప్రదింపు వివరములుండును. వైద్యునితో చెప్పుకొనలేని సంగతిని అచ్చట చెప్పుకొనవచ్చును. పరీక్షవలన హాని కలిగినచో నియమముల ప్రకారము ఉచిత వైద్యమును, హాని పరీక్షవలననే కలిగినదని నిర్ణయమైనచో నష్టపరిహారమును పొందుటకు హక్కు గలదు. ఏ కారణము చెప్పకయే ఎప్పుడైనను వైదొలగవచ్చును. అందువలన ఆ వైద్యశాలలో రావలసిన మామూలు చికిత్స తగ్గరాదు.

చేరుటకు ముందు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొనిపోయి అడుగుట మేలు. నమోదు సంఖ్య ఏది? ఇది ఏ దశ? ఈ మందు ఇదివరకు ఎంతమందికి ఇచ్చిరి, ఏ కీడులు కనబడినవి? నాకు ప్లాసిబో వచ్చు అవకాశ మెంత? ఇప్పుడు తినుచున్న మందులు మానవలెనా? ఎన్నిసార్లు రావలెను, దారిఖర్చు ఎవరిది? నా రక్తమును, జన్యు వివరములను ఎంతకాలముంచుదురు, ఎవరికిత్తురు? పరీక్ష ముగిసిన పిమ్మట, మందు మేలు చేసినచో అది నాకు దొరకునా? చివరి ప్రశ్నను చాలమంది మరతురు. మేలు చేసిన మందు పరీక్షతోనే ఆగిపోవుట కుటుంబమునకు దుస్సహము గనుక దానిని మొదటనే అడుగవలెను.

జన్యు వివరముల ప్రశ్న చిన్న కులములకు మరింత ముఖ్యము. ఒకరి రక్తమునుండి తెలిసిన సంగతి అతని అక్కచెల్లెండ్రకును, మేనవారికిని సంబంధించినదే. పెండ్లి సంబంధములలో దానిని ఆయుధముగా వాడుటకు అవకాశము గలదు. కావున ఫలితములను రహస్యముగా నుంచుటయందు పరిశోధకులకు ఎంత బాధ్యత గలదో, బంధువులకును అంతే గలదు.

8. ఉపసంహారము

సంఘములు చేయదగిన పని పెద్ద ధనముతో కూడినది కాదు. ప్రతి కుటుంబము మూడు తరముల వంశవృక్షమును, అందు ఎవరికి ఏ జబ్బు ఏ వయస్సున వచ్చినదో, ఎవరెవరికి మేనరికమో, మత్తుమందువలన ఎవరికైన ఇబ్బంది కలిగినదో వ్రాసియుంచుకొనవచ్చును. ఈ జ్ఞానము నేడు పెద్ద ముత్తైదువుల నోటియందే యున్నది; వారితో అది పోవును. వైద్యుని ఎదుట పెట్టిన ఆ యొక్క కాగితము, వ్యాధి పేరు కనుగొనుటకు పట్టు కాలమును ఎంతో తగ్గింపగలదు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును వచ్చిన యువకులను, యువతులను ఇద్దరు ముగ్గురిని సంఘము ఏర్పరచి, అవసరమైన కుటుంబమునకు పట్టికను వెదకి పెట్టుటకును, పత్రమును ఇంటి మాటలలో చదివి వినిపించుటకును నియోగింపవచ్చును. చేరుమని గాని, చేరవలదని గాని చెప్పుట వారి పని కాదు.

బయలుదేరి వచ్చిన నాడు తమవెంట ఏ లోపములను మోసికొని వచ్చుచున్నారో పూర్వులు ఎరుగరు. నేటివారికి ఎరుగు వీలున్నది. బిడ్డ వ్యాధి పేరు తెలిసి, నమోదు సంఖ్య చూచి, పత్రమును తన మాటలలో తిరిగి చెప్పగలిగిన తల్లి, చేరినను చేరకున్నను, ఆలోచించి నిర్ణయించినదే యగును.